మాట్లాడని సభ్యుడు

మా వరుణా టవర్స్‌కి అధ్యక్షుడు లేడు. ఆయన పేరు నేమాని సీతాపతిరావు గారు.

పోయిన వేసవి దాకా ఆయన అధ్యక్షుడే. టెలిఫోన్ల శాఖలో ఇంజనీరుగా చేసి, రిటైరయ్యాక కాకినాడలో మా అపార్ట్‌మెంట్లో స్థిరపడ్డారు. ఇప్పుడు ఎవరైనా నోరు జారి "ప్రెసిడెంటు గారూ" అంటే చెవులు మూసుకుంటారు. "మనది వికేంద్రీకృత వ్యవస్థ తల్లీ! ఇక్కడ పైన ఎవరూ లేరు, కింద ఎవరూ లేరు. నేను కేవలం సమన్వయకర్తను" అంటారు. అని, పాత కుర్చీలోనే, పాత ఫ్యాను కిందే కూర్చుంటారు. ఫ్యాను ఒక్కటే ఉంది కాబట్టి దాన్నింకా వికేంద్రీకరించలేదు.

ఇదంతా నాలుగో అంతస్తు నిఖిలేష్ వల్ల మొదలైంది. హైదరాబాదు కంపెనీకి ఇంట్లోంచే పని చేస్తాడు. మంచివాడు, లిఫ్టు తలుపు పట్టుకుని అందరూ ఎక్కేదాకా ఆగుతాడు. ఒక ఆదివారం మీటింగులో లేచి, "మన ఫోన్లలో ఉన్న గ్రూపు అసలు మనది కాదండీ. ఏదో దేశంలో ఏదో కంపెనీది. ఇవాళ మన పాలవాడు రాలేదన్న ముక్క కూడా ముందు వాళ్ళకి తెలిసి, తర్వాత మనకి తెలుస్తోంది" అన్నాడు.

సభ నిర్ఘాంతపోయింది. సీతాపతిరావు గారి భార్య కామాక్షమ్మ గారు కళ్ళజోడు తీసి, "మా కోడలి గురించి నేను రాసినవన్నీ వాళ్ళకి తెలిసిపోతాయా బాబూ?" అని అడిగారు.

"తెలుస్తాయండీ."

"మరి వాళ్ళైనా ఆ పిల్లని ఒక్క మాట అనరేం?"

ఆ రోజే మా సొంత సర్వరు పెట్టుకోవాలని తీర్మానించారు. దానికి 'స్వపరిపాలిత సందేశ కేంద్రం' అని పేరు పెట్టబోతే, వికేంద్రీకరణలో కేంద్రమేమిటని ఎవరో పట్టుకున్నారు. చర్చించి, ఇంగ్లీషులో నోడ్ అంటే తెలుగులో కణుపేనని, 'స్వపరిపాలిత సందేశ కణుపు' అన్నారు. మేమంతా పెట్టె అంటాం. జనరేటరు గది పక్కన పీట వేసి, పెట్టెకి పసుపు రాసి, బొట్టు పెట్టి, దాని నెత్తినే కొబ్బరికాయ కొట్టారు. నీళ్ళన్నీ పెట్టె కన్నాల్లోంచి లోపలికి పోయాయి. మొదటి పెట్టె హారతి అందుకుని కన్నుమూసింది. రెండో పెట్టెకి బొట్టు బిళ్ళ మాత్రమే అంటించి, కొబ్బరికాయ వీధిలో కొట్టారు.

ఒక్క పెట్టె ఉంటే దాన్ని వికేంద్రీకరణ అనరట, కనీసం రెండుండాలట. సామర్లకోటలో మామిడితోట కాలనీ వాళ్ళు అప్పటికే ఒక పెట్టె పెట్టుకున్నారు. వాళ్ళతో ఒడంబడిక కుదిరింది. వాళ్ళు రాసింది మాకు, మేము రాసింది వాళ్ళకు కనిపిస్తుంది. గోప్యత కోసం ఎవరి ఇంటి నంబరూ, ఫోను నంబరూ మాత్రం కనబడవు. ఫోను నంబరు రాస్తే చుక్కలుగా మారిపోతుంది. అంకెలు మాటల్లో రాస్తే, 'మీరు మీ గోప్యతను మీరే ఉల్లంఘించారు' అని పెట్టె మనల్నే మందలిస్తుంది. నేను రెండు రకాలుగానూ ప్రయత్నించాను కాబట్టి చెబుతున్నాను.

ఎందుకు ప్రయత్నించానంటే, జమీలా అక్క కోసం.

మా మోక్షిత్‌కి రెండున్నరేళ్ళు దాటాయి. ఒక్క మాట రాలేదు. అమ్మ అనడు, అత్త అనడు. కావలసింది వేలితో చూపిస్తాడు, ఇస్తే నవ్వుతాడు. మా అత్తగారు రోజూ ఫోను చేసి "వస నాకించావా?" అని అడుగుతుంది. నాకించి నాకించి, వసకొమ్మ కనిపిస్తే వాడే నాలుక బయటపెట్టే అలవాటయింది. డాక్టరు గారు చెవులు పరీక్ష చేయించి, "బాగానే వినిపిస్తోందమ్మా. మీరు కంగారుపడి వాణ్ణి కంగారు పెట్టకండి. కొన్నాళ్ళు చూద్దాం. నలుగురూ మాట్లాడుకునే చోట కూర్చోబెట్టండి" అన్నారు. కంగారు పడకపోవడం ఎలాగో మాత్రం చీటీ మీద రాయలేదు.

పెట్టెలో 'తల్లుల అరుగు' అని ఒకటుంది. భయపడుతూనే అందులో రాశాను, ఎవరి పిల్లలైనా ఇలా ఉన్నారా అని. మా టవర్స్ నుంచి వెంటనే జవాబులొచ్చాయి. ఒకావిడ వాళ్ళ పాప ఏడాది నిండకుండానే ఎక్కాలు అప్పజెప్పిందని రాసింది. ఇంకొకావిడ, నువ్వు ఫోను ఎక్కువ చూస్తావేమో అంది, ఫోనులోనే. అన్నిటికీ చివర సామర్లకోట నుంచి జమీలా అక్క గొంతు వచ్చింది. రాయలేదు, మాట్లాడి పంపింది.

"మా ఆసిఫూ అంతేనమ్మా. నాలుగో ఏడు దాకా ఉలకలేదు, పలకలేదు. నేను ఏడవని రోజు లేదు. ఇప్పుడు మూడో తరగతి. ఈడి నోరు మూయించలేక చస్తన్నాను. ఇదిగో, ఎనకాల ఇనపడతందా? ఆడే!"

వెనకాల ఒక పిల్లాడు ఎవరితోనో క్రికెట్టు గురించి తెగ వాదిస్తున్నాడు. ఆ గోల నేను ఎన్నిసార్లు విన్నానో చెబితే నవ్వుతారు.

అప్పటినుంచి రోజూ దీపాలు పెట్టే వేళకి జమీలా అక్క దగ్గర్నుంచి ఒకటే ప్రశ్న వచ్చేది. "ఇయ్యాల ఏమన్నా అన్నాడా?" నేను "లేదక్కా" అనేదాన్ని. "రేపు అంటాడులే. అన్నం తిన్నావా?" అనేది. ఆవిడ ముఖం నేనెప్పుడూ చూడలేదు. కానీ ఆ ఒక్క ప్రశ్న కోసమే నాకు సాయంత్రం అయ్యేది.

ఇక నియమావళి సంగతి. మా పెట్టెలో ఎవరిదీ పెత్తనం కాదు కాబట్టి, ఏ ఒక్కరు 'అభ్యంతరం' అన్నా ఏ విషయమైనా ఆగిపోవాలని రాసుకున్నారు. ఎవరి సందేశం కిందనైనా ఆ మాట రాస్తే చాలు, మీటింగులో తేలేదాకా పెట్టె దాన్ని దాచేస్తుంది. మా ఆయన ఎరువుల ఫ్యాక్టరీలో షిఫ్టు దిగి వస్తూ, పార్కింగు గీతల మీద "మాకేమీ అభ్యంతరం లేదు" అని రాశాడు. అందులో ఆ మాట ఉంది కాబట్టి పెట్టె దాన్నీ దాచేసింది.

ఒక రోజు పొద్దున్నే ఎవరో "ట్యాంకు పొంగుతోంది, ఎవరైనా మోటారు కట్టేయండి" అని పెట్టారు. కింద అంతస్తు రామ్మోహన్ గారు అభ్యంతరం తెలిపారు. ఆయన వాదన, "ఎవరైనా అంటే ఎవరు? బాధ్యత నిర్దిష్టంగా లేదు." సందేశం ఆగిపోయింది, నీళ్ళు ఆగలేదు. అత్యవసర సభ సెల్లారులో పెట్టారు. అందరం కాళ్ళు కుర్చీల మీద పెట్టుకుని కూర్చున్నాం. చెప్పులు మా మధ్యలోంచి తేలుకుంటూ గేటు వైపు వెళ్ళిపోతున్నాయి.

"ముందు మోటారు కట్టేసి మాట్లాడుకుందామండీ!" అంది మూడో అంతస్తు ఆవిడ.

"అమ్మా, నీరు తన ధర్మం తాను నిర్వర్తిస్తోంది. మన ధర్మం మనం నిర్వర్తిద్దాం" అన్నారు సీతాపతిరావు గారు పంచె పైకి దోపుకుంటూ. "అంశం ఒకటి: 'ఎవరైనా' అనే పదానికి నిర్వచనం."

నిర్వచనం తేలేలోపు కరెంటు పోయి మోటారు దానంతటదే ఆగింది. దీన్ని వికేంద్రీకరణ విజయంగా రాసుకున్నారు.

ఇలా లాభం లేదని నిఖిలేష్ ఒక సవరణ తెచ్చాడు. అభ్యంతరం పవిత్రమైనది కాబట్టి పొదుపుగా వాడాలి. ఒక్కో సభ్యుడికి ఏడాదికి ఒక్క అభ్యంతరం. అది సభలో స్వముఖంగా చెప్పాలి. సమన్వయకర్త మూడుసార్లు "అభ్యంతరం?" అని అడుగుతారు, అడిగినప్పుడల్లా గంట కొడతారు. మూడో గంట దాకా ఎవరూ పలక్కపోతే అందరూ ఒప్పుకున్నట్టే. గంట కామాక్షమ్మ గారి పూజ గదిలోది, ఇత్తడిది.

సవరణ వచ్చిన నెలలోనే జనం దగ్గరున్న అభ్యంతరాలన్నీ అయిపోయాయి. రామ్మోహన్ గారు మెట్ల రంగు మీద వాడేశారు. మా ఆయన, మెట్ల కింద బండి పెట్టకూడదన్న దాని మీద వాడేశాడు. నేను పార్కులో ఇనుప ఉయ్యాల మీద వాడాను. దాని కొక్కెం తుప్పు పట్టింది, పిల్లలు పడతారని. ఉయ్యాల ఆగింది, నా అభ్యంతరం అయిపోయింది. అప్పుడు పెద్దగా బాధ వేయలేదు.

తర్వాత తలల గొడవ వచ్చింది. సామర్లకోట వాళ్ళతో ఉమ్మడి సభలో ఎవరికెన్ని సీట్లన్నది సభ్యుల లెక్కన ఇస్తారట. వాళ్ళకి మనుషులెక్కువ. మనవాళ్ళు వెంటనే పిల్లలందరినీ సభ్యులుగా చేర్చారు. మా మోక్షిత్ పేరు కూడా ఎక్కింది. మా సీట్లు పెరిగాయి, అందరూ చప్పట్లు కొట్టారు. తర్వాతి మీటింగుకి తెలిసింది, సభ్యులు పెరిగితే కోరం కూడా పెరుగుతుందని. పిల్లలు రాకపోతే సభ చెల్లదు.

ఇక చూడండి. మీటింగు రోజున సమన్వయకర్త గారే స్వయంగా గుమ్మంలోకి వచ్చేవారు. "కుసుమమ్మా, మోక్షిత్ గారు లేచారా? కోరం తక్కువైంది."

"పాలు తాగుతున్నాడండీ."

"సభలో తాగవచ్చు. సీసా తెచ్చుకోమనండి."

డాక్టరు గారు నలుగురూ మాట్లాడుకునే చోట కూర్చోబెట్టమన్నారు కదా. మా టవర్స్‌లో ఇంతకన్నా ఎక్కువ మాట్లాడుకునే చోటు లేదు. ఒక్క మీటింగు కూడా మానకుండా తీసుకెళ్ళాను. వాడు నా ఒళ్ళో కూర్చుని, కళ్ళార్పకుండా గంట వంకే చూసేవాడు. సీతాపతిరావు గారు "అభ్యంతరం?" అనగానే వెన్ను నిటారుగా పెట్టేవాడు. గంట మోగగానే నవ్వేవాడు.

మాటలొచ్చిన పిల్లల అభ్యంతరాలు మాత్రం వాళ్ళ అమ్మానాన్నలు చకచకా వాడుకున్నారు. రామ్మోహన్ గారి మనవరాలు చాక్లెట్టు నములుతూ లేచి, "తాతయ్య చెప్పిన దానికి అభ్యంతరం" అంది. దేనికని అడిగితే తాతయ్య వంక చూసింది. కొద్ది రోజుల్లో పిల్లలవీ అయిపోయాయి. మిగిలింది మావాడొక్కడిదే.

"చూశారా!" అన్నారు సీతాపతిరావు గారు ఒక రోజు సభలో. "ఇన్ని తీర్మానాలు పెట్టాం. అన్నిటినీ ఆమోదించినవారు ఒక్క మోక్షిత్ గారే. ఎదురు చెప్పలేదు, అడ్డు తగల్లేదు. ఆదర్శ సభ్యుడంటే అలా ఉండాలి."

అందరూ చప్పట్లు కొట్టారు. ఆయన నిజంగా మెచ్చుకునే అన్నారు. నేను తల వంచుకుని వాడి చొక్కా బొత్తాం సరిచేశాను. అది సరిగ్గానే ఉంది.

అసలు ముప్పు గులాబీపువ్వు రూపంలో వచ్చింది. సామర్లకోటలో భాస్కరం మాస్టారని ఒకాయన, రోజూ తెల్లారకముందే మంచు బొట్లున్న గులాబీ బొమ్మ పెట్టి 'శుభోదయం' అని రాస్తారు. అంతకుముందు మా టవర్స్‌లో మొదటి శుభోదయం ఎప్పుడూ సీతాపతిరావు గారిదే. ఆయనది తామరపువ్వు. రెండు పెట్టెలూ కలిశాక, ఈయన లేచి ఫోను తీసేసరికి అక్కడ గులాబీ కూర్చుని ఉండేది. ఇంకా ముందు లేచారు. మాస్టారు అంతకన్నా ముందు లేచారు. కామాక్షమ్మ గారు నాతో వాపోయారు. "ఈ వయసులో అలారం పెట్టుకుని శుభోదయం చెప్పడమేమిటే? మళ్ళీ పడుకుని తొమ్మిదింటికి లేస్తున్నారు!"

తర్వాతి సభలో నిఖిలేష్ గొంతు సవరించుకుని చదివాడు. "పొరుగు కణుపు నుంచి అదుపులేని పుష్పచిత్రాల ప్రవాహం కారణంగా మన కణుపు సార్వభౌమత్వానికీ, నిల్వ సామర్థ్యానికీ భంగం కలుగుతున్నందున, మామిడితోట కాలనీతో సంబంధ విచ్ఛేదం చేసుకోవాలని తీర్మానం."

నాకు మొదట అర్థం కాలేదు. ఇంటర్ మధ్యలో మానేసిన దాన్ని. పక్కనున్న మూడో అంతస్తు ఆవిణ్ణి అడిగాను.

"సామర్లకోట వాళ్ళవి ఇంక రావు. మనవి వెళ్ళవు. అంతే" అంది ఆవిడ గోళ్ళు చూసుకుంటూ.

"తల్లుల అరుగో?"

"అదీ అంతే."

లేచి నిలబడ్డాను. సభలో అంతవరకూ నేను ఉయ్యాల గురించి తప్ప మాట్లాడలేదు. "అయ్యా, నాకు అభ్యంతరమండీ" అన్నాను.

నిఖిలేష్ ఫోనులో చూశాడు. "మీది అయిపోయిందండీ అక్కా. ఉయ్యాల."

"మా ఆయనది?"

"బండి."

"అయితే మా బాబుది ఉంది కదా. వాడి తరఫున నేను చెబుతాను. వాడి తల్లిని."

నిఖిలేష్ ఇబ్బందిగా అటూ ఇటూ చూశాడు. "స్వముఖంగా చెప్పాలక్కా. ఇంకొకరు చెబితే అది పెత్తనమైపోతుంది. మనం పెత్తనం వద్దనుకునే కదా..."

"పువ్వులు వద్దంటే ఆ మాస్టారికి చెప్పండి బాబూ. అక్కడ ఒకావిడ రోజూ నన్ను..." అని ఆగిపోయాను. రోజూ నన్ను ఒక మాట అడుగుతుందని, దానికి నేను లేదని జవాబు చెబుతానని సభలో ఎలా చెప్పను? అది పోతే నాకేం పోతుందని అడిగితే ఏం చూపించను?

సీతాపతిరావు గారు కళ్ళజోడు పైనుంచి నన్ను చూశారు. "కూర్చోమ్మా. వ్యక్తిగతంగా నాకు బాధే. కానీ వ్యవస్థకి కళ్ళూ చెవులూ ఉండవు. అదే దాని గొప్పతనం." గంట చేతిలోకి తీసుకున్నారు.

మోక్షిత్ వెన్ను నిటారుగా పెట్టాడు.

"అభ్యంతరం?" గంట. ఎవరూ పలకలేదు. ఎవరి దగ్గరా లేదు.

"అభ్యంతరం?" గంట. మోక్షిత్ నవ్వాడు. వాడి నెత్తిన నా కన్నీళ్ళు పడుతున్నాయి. తుడుచుకుందామంటే రెండు చేతులతోనూ వాణ్ణే పట్టుకుని ఉన్నాను.

"అభ్యంతరం?" అన్నారు మూడోసారి. చెయ్యి పైకి లేచింది. గంట మోగలేదు. ఆయన నా వంక చూస్తూ అలాగే ఉండిపోయారు. చెయ్యి నొప్పి పుట్టిందో, మనసు ఒప్పలేదో నాకు తెలియదు.

మోక్షిత్ ఆయన్ని చూశాడు. గంటని చూశాడు. నా ముఖం చూశాడు. గంట ఎందుకు మోగలేదో వాడికి అర్థం కాలేదు. నా ఒళ్ళోంచి సగం లేచి, వేలు గంట వైపు చాచి, గట్టిగా అన్నాడు.

"అబ్బంతలం!"

కామాక్షమ్మ గారి చేతిలో తమలపాకు జారిపోయింది.

"అబ్బంతలం!" అన్నాడు మళ్ళీ. ఈసారి కాలు కూడా నేలకేసి కొట్టాడు.

నేను వాణ్ణి పట్టుకున్నానో, వాడే నన్ను పట్టుకున్నాడో. మూడో అంతస్తు ఆవిడ గోళ్ళు మానేసి, "మాట్లాడాడే! ఓసి కుసుమా, మాట్లాడాడే!" అని నా భుజం ఊపేస్తోంది. అందరూ ఒక్కసారి లేచారు.

నిఖిలేష్ మాత్రం చెయ్యెత్తాడు. "పాయింట్ ఆఫ్ ఆర్డర్ అండీ. ఉచ్చారణ స్పష్టంగా లేదు. దీన్ని అభ్యంతరం కింద లెక్కించాలా..."

"కూర్చో బాబూ" అన్నారు సీతాపతిరావు గారు. "జన్మంతా టెలిఫోన్లలో పని చేసినవాణ్ణి. ఎంత గరగరలోనైనా అవతలివాడు ఏమన్నాడో నాకు తెలుస్తుంది. మోక్షిత్ గారి అభ్యంతరం నమోదైంది. తీర్మానం వీగిపోయింది." అని, ఫ్యాను కింద కుర్చీలోంచి లేచి వచ్చి, గంట వాడి చేతికిచ్చారు. వాడు దాన్ని భోజనాల వేళ దాకా మోగించాడు. సభ ఎప్పుడు ముగిసిందో ఎవరూ ప్రకటించలేదు. కామాక్షమ్మ గారు ఉప్పు తెచ్చి వాడికి దిష్టి తీశారు. మర్నాడు కూడా గులాబీయే ముందొచ్చింది.

సభ జరిగిన ఆ రోజంతా మావాడు ఖాళీగా లేడు. స్నానానికి రమ్మంటే అబ్బంతలం. చొక్కా తొడుగుతానంటే అబ్బంతలం. పెరుగన్నం ముద్ద నోటిదాకా తీసుకెళ్ళాను, చేత్తో ఆపి, ఎంతో మర్యాదగా, అబ్బంతలం. వసకొమ్మ చూపిస్తే కూడా అదే. మా ఆయన షిఫ్టు నుంచి వచ్చి, "వీడికి ఏడాదికి ఒక్కటే కదా?" అన్నాడు. ఇంట్లో ఆ రూలు లేదన్నాను.

వాడి మాట ఫోనులో రికార్డు చేసి, 'జమీలా అక్కా, విను! మావాడి మొదటి మాట: అభ్యంతరం!' అని రాసి పంపాను. సవరణ సంగతి పెట్టెకి ఎవరూ నేర్పలేదు, పాత అలవాటునే దాన్ని దాచేసింది. 'మీ సందేశంలో అభ్యంతరం వ్యక్తమైనందున తదుపరి సభ వరకు నిలిపివేయబడినది.' తదుపరి సభ ఎప్పుడో, కోరం ఎప్పుడు దొరుకుతుందో. ఫోను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను.

దీపాలు పెట్టే వేళకి, ఎప్పటిలాగే వచ్చింది.

"ఇయ్యాల ఏమన్నా అన్నాడా?"

వెంటనే రాశాను. "అన్నాడక్కా."

పెట్టె ఆపలేదు. కాసేపటికి అటునుంచి గొంతు వచ్చింది, ముందు ఏడుపు, వెనకాల ఆసిఫ్ "ఏమైందమ్మీ, ఏమైందమ్మీ" అంటున్నాడు. "ఏమన్నాడే? అమ్మా అన్నాడా?"

మోక్షిత్ పళ్ళెం అవతలికి తోసి, నా వంక చూస్తున్నాడు. పెట్టె పట్టుకోకుండా ఎలా చెప్పాలా అని ఆలోచించి రాశాను.

"ఇంకా లేదక్కా. ముందు వద్దన్నాడు. మనిద్దర్నీ విడదీయొద్దన్నాడు."